సిస్టమ్ మొరాయించిందా? ఇంట్లోనే చూసుకోవాలా, మనిషిని పిలవాలా, సీటీసీకి మోయాలా

డెస్క్‌టాప్ ఆన్ అవ్వకపోతే మన ఇళ్లలో ముందు జరిగేది పవర్ బటన్ పదే పదే నొక్కడం, తర్వాత సీపీయూ నెత్తిన ఒక దెబ్బ వేయడం, ఆ తర్వాత కంప్యూటర్ తెలిసిన చుట్టానికి ఫోన్. ఆ చుట్టం మనం చెప్పేది పూర్తిగా వినకుండానే "ఫార్మాట్ కొట్టించు, సెట్ అయిపోద్ది" అంటాడు. అసలు బొమ్మే రాని మిషన్‌కి ఫార్మాట్ ఎలా కొడతారో మాత్రం ఎవరూ అడగరు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి రిపేర్ దారులకి కొదవ లేదు. మనమే విప్పి చూసుకోవచ్చు, కాలనీ షాపు కుర్రాణ్నో యాప్‌లో బుక్ చేసిన టెక్నీషియన్‌నో ఇంటికి పిలవచ్చు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనందరం సీటీసీ అనే చోటికి మోసుకెళ్లొచ్చు, వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చెప్పొచ్చు, ఇవేవీ కాదనుకుంటే కొత్తది కొనేయొచ్చు. వీటిలో ఏది మంచిది అని అడిగితే సమాధానం ఉండదు. పోయింది ఏంటో తెలిస్తే ఎక్కడికి వెళ్లాలో దానంతట అదే తేలిపోతుంది. కానీ చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ముందు మనిషిని పిలిచేసి, ఏం పోయిందో అతన్నే చెప్పమంటారు. అతను ఏం అమ్మగలడో అదే పోయిందని తేలుతుంది చాలాసార్లు.

అందుకని ఎవరికీ ఫోన్ చేయకముందు ఒక్క విషయం తేల్చుకోండి: తేడా కరెంటులో ఉందా, తెరలో ఉందా, పెట్టెలో, అంటే సీపీయూ డబ్బాలో ఉందా. దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ముందు కరెంటు సంగతి

ఇది అందరూ వదిలేసేది, నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది. ఇంట్లో సిస్టమ్ వాడుతుండగా టప్పున ఆగిపోయినా, కరెంటు పోగానే యూపీఎస్ ఉండి కూడా రీస్టార్ట్ అయినా, చాలామటుకు తప్పు కంప్యూటర్‌ది కాదు, యూపీఎస్ బ్యాటరీది. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఆంప్ అవర్ బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది రెండు మూడేళ్లకి ముసలిదైపోతుంది. యూపీఎస్ పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు. సీపీయూ, మానిటర్ రెండింటినీ యూపీఎస్ నుంచి పీకి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఒకరోజు వాడి చూడండి. బాగానే నడిస్తే మీకు కావాల్సింది కంప్యూటర్ టెక్నీషియన్ కాదు, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే బ్యాటరీ. అది మార్చడం చాలా మోడళ్లలో నాలుగు స్క్రూలు, రెండు వైర్లు, ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి, అంతే. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి మరీ చేయాలి, ఆ మాట వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

యూపీఎస్ లేకుండా ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఇంకో విషయం చూడాలి. చాలా ఇన్వర్టర్ల వెనకాల యూపీఎస్ మోడ్, ఇకో మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఇకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఫ్యాన్లకి, లైట్లకి అది తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆ కాస్తలోనే రీస్టార్ట్ అయిపోతుంది. ఏప్రిల్, మే గాలివానలకి కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో "సిస్టమ్ ఊరికే రీస్టార్ట్ అవుతోంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఆ స్విచ్ అటు జరిపితే తీరిపోతాయి.

సీపీయూ ఇనప డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం వల్ల. డబ్బా లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు మామూలుగా ఎర్త్ వైరులోకి పోవాలి, దానికి దారి లేక డబ్బా మీదే ఉండిపోతుంది. దీనికి పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. పాత అపార్ట్‌మెంట్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ లోపల ఎర్త్ వైరే ఉండదు, అది కంటికి కనిపించదు.

తెరా, పెట్టా

ఇప్పుడు బొమ్మ రావట్లేదు అనుకుందాం. మానిటర్ పవర్ అలాగే ఉంచి, సీపీయూ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ లేదా వీజీఏ కేబుల్ మాత్రం పీకేయండి. తెర మీద 'నో సిగ్నల్' అనో కంపెనీ బొమ్మో ఏదో ఒకటి కదిలిందంటే మానిటర్ బతికే ఉంది. ఏమీ రాకపోతే, పవర్ లైటు కూడా లేకపోతే, ముందు దాని అడాప్టర్‌ని అనుమానించాలి, తర్వాతే మానిటర్‌ని.

లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది అంటే గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడండి. లోపల ఐకాన్లు మసక మసకగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనకాల వెలుగు పోయింది. అంటే బ్యాక్‌లైటు. ఈ ఒక్క ముక్క రిపేర్ షాపులో చెప్పగలిగితే అవతలివాడు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

గీతలు పడుతున్నా, రంగులు తేడాగా ఉన్నా మానిటర్ సొంత మెనూ తెరవండి, అదే బ్రైట్‌నెస్ అవీ మార్చుకునే బటన్ నొక్కితే వచ్చేది. మెనూ కింద నుంచి కూడా గీత పోతుంటే అది మానిటర్ లోపలి జబ్బు. మెనూ శుభ్రంగా ఉండి వెనకాల బొమ్మలోనే గీతలుంటే కేబుల్ గానీ గ్రాఫిక్స్ కార్డు గానీ అయ్యుంటుంది. దీన్ని ఖరారు చేసుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది: స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకుని చూడండి, ఫోన్‌లో కూడా గీతలు కనిపిస్తే తప్పు పెట్టెది, కనిపించకపోతే చాలామటుకు కేబుల్‌దో తెరదో.

ఇక అన్నిటికన్నా తేలికైన పరీక్ష హాల్లో టీవీ. సీపీయూని తీసుకెళ్లి హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించండి. బొమ్మ వచ్చిందా, మానిటర్‌ని చూసుకోండి. రాలేదా, పెట్టెని చూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే దాన్ని మానిటర్‌కి తగిలించి ఇదే తిరగేసి చేయొచ్చు. పావుగంటలో అయిపోయే పని, విజిటింగ్ చార్జీ మిగులు.

పెట్టె అని తేలితే ఒక చిన్న గుర్తు: కీబోర్డులో నమ్‌లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల బోర్డు, అంటే మదర్‌బోర్డు, పని చేస్తోంది, మనకి బొమ్మ మాత్రమే చేరట్లేదు. విండోస్ వచ్చాక మధ్యలో తెర నల్లబడితే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది, చాలాసార్లు బొమ్మ తిరిగి వచ్చేస్తుంది.

మన చేతుల మీదుగా అయిపోయేవి

బొమ్మ రాకుండా బీప్ బీప్ అంటుంటే, లేదా ఫ్యాన్ తిరిగి ఆగి మళ్లీ తిరుగుతుంటే, నూటికి నూరు పాళ్లు అనను గానీ, మొదటి అనుమానం ర్యామ్ మీదే. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఓసారి నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క మూత తీసి, చేత్తో ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకోండి, మన ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. ర్యామ్ స్టిక్ చివర ఉన్న క్లిప్పు వెనక్కి వంచితే స్టిక్ పైకి లేస్తుంది, కొన్ని బోర్డులకి క్లిప్పు ఒక పక్కే ఉంటుంది, రెండో పక్క బలవంతం చేయొద్దు. కింద బంగారు రంగు పళ్లు నల్లబడి ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా ఒకే వైపు తుడిచి, పొట్టు దులిపి, కోత ఎటుందో చూసుకుని మళ్లీ పెట్టి, టక్కుమనే దాకా నొక్కండి. ఆ టక్కు వినిపించకపోతే కూర్చోలేదన్నమాట. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి, ఏది పోయిందో అప్పుడు తెలుస్తుంది. చాలామంది టెక్నీషియన్లు వచ్చి మొదట చేసేది కూడా ఇదే, కాకపోతే మనల్ని మంచినీళ్లకి పంపి చేస్తారు.

టైమ్ ప్రతిసారీ వెనక్కి పోతోందా, ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని అడుగుతోందా? బోర్డు మీద గుండ్రటి బిళ్ల సెల్ ఉంటుంది, సీఆర్2032 అని, 3 వోల్టులది. కిరాణా షాపులో కూడా దొరుకుతుంది ఒక్కోసారి, వంద రూపాయల్లోపు. పాతది ఎటు తిరిగి ఉందో చూసుకుని కొత్తది పెట్టాలి, రాతలున్న వైపు పైకి.

వేడెక్కి ఆగిపోయే సిస్టమ్‌కి ముందు దుమ్ము దులపాలి. మెయిన్ రోడ్డు పక్క ఇల్లయినా, పక్కనే అపార్ట్‌మెంట్ లేస్తున్నా, ఏడాది తిరిగేసరికి ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, వాటిని గిర్రున తిప్పకూడదు. పనిలో పనిగా బల్లి ఉందేమో కూడా చూడండి, నవ్వుకోవద్దు, సర్వీస్ చేసేవాళ్లని అడిగితే కథలు చెబుతారు.

కేబుల్ సంగతి చెప్పాలంటే మల్కాజ్‌గిరిలో మా పిన్ని వాళ్లింట్లో జరిగిందే చెప్పాలి. దసరాకి బూజులు దులిపి, టేబుల్ జరిపి, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టారు, అంతే, బొమ్మ లేదు. ఎవర్నో పిలిస్తే వచ్చి చూసి "బోర్డు పోయిందంకుల్, కొత్తది వేయాలె, ఎనిమిది వేలు అయితది" అన్నాడు. మా బాబాయ్ నాకు ఫోన్ చేసి "ఏరా, మూడేళ్లకే బోర్డు పోతుందా" అన్నాడు. వీడియో కాల్‌లో వెనక వైపు చూపించమంటే హెచ్‌డీఎంఐ కేబుల్ పైన బోర్డు పోర్టులో ఉంది, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టు ఖాళీగా ఉంది. డబ్బా మీద స్టిక్కరు చూస్తే ఐ5 12400ఎఫ్. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బోర్డు పోర్టు నుంచి బొమ్మ వచ్చే ప్రసక్తే లేదు. కేబుల్ కిందికి మార్చారు, పని అయిపోయింది. ఆ వచ్చిన కుర్రాడికి ఇది తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో దేవుడికెరుక.

ఎస్ఎంపీఎస్, మానిటర్, ఈ రెండింటి మూతలు మాత్రం ఇంట్లో తీయొద్దు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, చిన్నదేం కాదు. ఎస్ఎంపీఎస్ బయట నుంచి మార్చుకోవచ్చు, నాలుగు స్క్రూలే, కానీ దాన్ని విప్పి బాగు చేయించడం దండగ. పాతది పేలితే దానితోపాటు బోర్డునీ పట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడ మాత్రం పేరున్న కంపెనీది, బిల్లుతో కొనండి. ఒక్క జాగ్రత్త, డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీల చిన్న సైజు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి మామూలు ఎస్ఎంపీఎస్ సరిపోదు, ప్లగ్గులే వేరుగా ఉంటాయి. షాపుకి వెళ్లేముందు మోడల్ నంబరు, పాత ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫోటో తీసుకుని వెళ్లకపోతే రెండోసారి తిరగాలి.

ఇంటికొచ్చే మనిషి ఎప్పుడు, సీటీసీ ఎప్పుడు

ఇంటికి పిలవడం విండోస్ వేయించడానికి, వైరస్ తీయించడానికి, ప్రింటర్, వైఫై సెట్ చేయించడానికి, దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు వేయించడానికి బాగుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండి, సీపీయూ మూడంతస్తులు దింపలేని పరిస్థితి అయితే ఇంకో ఆలోచనే వద్దు. విజిటింగ్ చార్జీ సాధారణంగా మూడొందల నుంచి ఐదొందల దాకా అడుగుతారు, పని చేయించుకుంటే అది బిల్లులో కలుపుతారా లేదా ఫోన్‌లోనే అడగండి. ఇంకోటి కూడా అడగండి: "టెస్టింగ్‌కి ఎస్ఎంపీఎస్, ర్యామ్ తెస్తారా అన్నా?" తెస్తానంటే పనివాడు. ఉత్త చేతులతో వచ్చేవాడు చూసి, తల ఊపి, "షాపుకి తీసుకపోవాలె" అంటాడు, ఆ మాటకి మనం చార్జీ కడతాం.

బోర్డు రిపేర్, మానిటర్ రిపేర్, హార్డ్ డిస్కు నుంచి డేటా తీయడం, ఈ మూడూ ఇంట్లో జరిగే పనులు కావు. ఇంటికొచ్చినతను కూడా వాటిని తీసుకెళ్లి చివరికి ఏ పార్క్‌లేన్ షాపులోనో ఇస్తాడు, మధ్యలో అతని వాటా ఉంటుంది. అలాంటప్పుడు మనమే వెళ్లడం మేలు. ఆల్ ఇన్ వన్ మోడళ్లు కూడా అంతే, తెరా పెట్టే ఒకటే కాబట్టి ఇంట్లో విప్పనివ్వకండి.

సీటీసీలో బలం ఏంటంటే, ఒకడు చెప్పిన రేటు నచ్చకపోతే పక్క షాపు పది అడుగుల్లో ఉంటుంది. బలహీనత కూడా అదే, కొత్తవాళ్లని గుర్తుపట్టడం వాళ్లకి క్షణం పని. ఆదివారం వెళ్లకండి, చాలా షాపులు తీయరు. కీబోర్డు, మౌస్, వైర్లు అన్నీ మోయక్కర్లేదు, వాళ్ల దగ్గర ఉంటాయి. మానిటర్ అయితే మాత్రం దాని అడాప్టర్ తీసుకెళ్లాలి, స్టాండు విప్పేసి తెరకి దుప్పటి చుట్టండి. ర్యామో, ఎస్ఎంపీఎస్సో చేతిలో పట్టే సరుకైతే మెట్రోలో ప్యారడైజ్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి ఆటో పట్టుకుంటే పార్కింగ్ టెన్షన్ తప్పుతుంది.

కౌంటర్ మీద పెట్టగానే "ఏమైంది సార్" అంటాడు. "ఆన్ అవ్వట్లేదు" అని ఊరుకోకండి. "ఫ్యాన్ తిరుగుతోంది, బీప్ లేదు, టీవీకి పెట్టినా బొమ్మ రాలేదు, ర్యామ్ మార్చి మార్చి చూశాను" అని చెప్పండి. ఇంత చెప్పినవాణ్ని మోసం చేయడం కష్టం. మీ ముందే ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి చూపించమనండి, మంచి షాపువాడు అడక్కుండానే ఆ పని చేస్తాడు. వదిలేసి రావాల్సి వస్తే మూత తీయించి బోర్డు, ర్యామ్, డిస్కుల మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి, రసీదు మీద ఏమేం ఇచ్చారో రాయించండి, అంచనా ఖర్చు దాటితే ఫోన్ చేయకుండా పని చేయొద్దని చెప్పండి. మార్చిన పాత పార్టు తిరిగి ఇమ్మనండి. అలా అడగడంలో మొహమాటం అనవసరం.

పాత బోర్డు పోయినవాళ్లకి ఒక మాట. హెచ్61, హెచ్81 లాంటి పాత తరం బోర్డులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, ఊరూ పేరూ లేని కంపెనీలవి. పాత ప్రాసెసర్, పాత ర్యామ్ అలాగే వాడుకోవచ్చు కాబట్టి చవకగా గట్టెక్కిస్తాయి. పిల్లాడి హోంవర్కుకో, షాపులో బిల్లింగుకో ఇంకో రెండేళ్లు లాగించాలంటే పర్వాలేదు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లు, కెపాసిటరో, అడాప్టరో, వింత కనెక్టరో కావాలనుకునేవాళ్లు మాత్రం సీటీసీ కాదు, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాలి.

డేటా గురించి గట్టిగా

ఎవరికి ఇచ్చినా, ఏ దారిలో వెళ్లినా, ముందు పెళ్లి ఫోటోలు, టాక్స్ కాగితాలు, పిల్లల ప్రాజెక్టులు వేరే డిస్కులోకి ఎక్కించండి. విండోస్ వస్తూ ఉండగానే. హార్డ్ డిస్కు టిక్ టిక్ మంటోందంటే వెంటనే ఆపేయండి, ఇంకోసారి ఇంకోసారి అని ఆన్ చేస్తే ఉన్నది కూడా పోతుంది. రికవరీ ఖర్చు వేలల్లో మొదలై డిస్కు లోపలి భాగాలు పోతే పదివేలు దాటి కూడా పోతుంది, అప్పుడు కూడా గ్యారంటీ ఉండదు. మిగతా రిపేర్లకైతే డిస్కు పీకేసి ఇచ్చినా చాలా షాపులకి ఇబ్బంది లేదు, బోర్డు, ఎస్ఎంపీఎస్ పరీక్షలకి డిస్కు అక్కర్లేదు.

విండోస్ వేయించేటప్పుడు క్రాక్ వెర్షన్ వద్దని ముందే చెప్పండి. ఆ యాక్టివేటర్లలోనే వైరస్ వచ్చే అవకాశం ఉంది. చాలా బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో లైసెన్సు బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ మళ్లీ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది, విడిగా డబ్బు కట్టే పనే లేదు.

వారంటీ ఉంటే ఇంకెక్కడికీ వద్దు

పేరున్న మానిటర్లలో చాలావాటికి మూడేళ్ల వారంటీ ఉంటుంది, డబ్బాలో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్‌కి కూడా మూడేళ్లు, మంచి ర్యామ్ కంపెనీలు ఇంకా ఎక్కువ ఇస్తాయి. అసెంబుల్ చేయించినవాళ్లు మర్చిపోయేది ఇదే, మొత్తానికి ఒక వారంటీ ఉండదు, ఏ పార్టుకి ఆ పార్టుకే. బిల్లు ఇచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ థర్మల్ కాగితం మీది అక్షరాలు మన ఎండాకాలం ఒకటి దాటితే చాలు, వెలిసిపోతాయి. వారంటీలో ఉన్నదాన్ని బయట విప్పిస్తే సీలు పోయిందని కంపెనీవాళ్లు తప్పించుకుంటారు. అన్యాయంగా తిప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి పైన కనబడిన దానికి ఫోన్ చేయకండి. డబ్బా మీదో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో ఉన్న నంబరే వాడండి. నకిలీ నంబర్లవాళ్లు మన తెరని దూరం నుంచే నడిపే ఎనీడెస్క్ అనే యాప్ వేయించుకుని, పది రూపాయల రిజిస్ట్రేషన్ అని చెప్పి ఖాతా ఊడ్చేస్తారు. అలాగే తెర నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగించి, 'మీ కంప్యూటర్ లాక్ అయింది, మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేయండి' అంటే అది ఒట్టి వెబ్ పేజీ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ మూసేయండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మానిటర్: బాగు చేయించాలా, కొత్తదా

ఇక్కడ నా లెక్క మొహమాటం లేనిది. తెర పగిలినా, లోపలి ప్యానెల్‌లో నిలువు గీతలు పడినా ఆ మానిటర్ పని అయిపోయినట్టే. ప్యానెల్ ధర మానిటర్ ధరకి దగ్గరగా ఉంటుంది, పైగా వేసేది కొత్త ప్యానెలో ఇంకోదాన్నుంచి తీసిందో తెలియదు. 22 అంగుళాల మామూలు మానిటర్ ఏడెనిమిది వేలకి కొత్తదే, మూడేళ్ల వారంటీతో వస్తుంటే అంత డబ్బు పెట్టి నెల రోజుల నోటిమాట గ్యారంటీ ఎందుకు?

అడాప్టర్ పోవడం, ఆన్ అయి ఆరిపోవడం, వెలుగు మిణుకు మిణుకుమనడం, ఇవి మాత్రం బాగు చేయించదగ్గవి. పాత మానిటర్లలో పవర్ బోర్డు మీది కెపాసిటర్లు తల ఉబ్బి ఉంటాయి, రెండు మూడు మారిస్తే లేచి కూర్చుంటుంది. బ్యాక్‌లైటు ఎల్ఈడీ పట్టీలు మార్చడం కూడా జరిగే పనే, కానీ ప్యానెల్ విప్పాలి, విప్పేటప్పుడు పగిలితే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోండి. పెద్ద మానిటర్, ఖరీదైన గేమింగ్ మానిటర్ అయితే చేయించండి, చిన్నదయితే నేను చేయించను.

పాత సిస్టమ్: ఎస్ఎస్‌డీ వేయాలా, మార్చేయాలా

"సిస్టమ్ స్లో" అనేదానికి ఇంటి వాడకంలో చాలావరకు కారణం పాత హార్డ్ డిస్కు. అది సెకనుకి వంద, నూట యాభై ఎంబీలు ఇస్తే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో నడిచే డిస్కు, ఐదొందల దాకా ఇస్తుంది, చిన్న చిన్న ఫైళ్ల దగ్గర తేడా అంతకన్నా చాలా ఎక్కువ. ర్యామ్ పెంచితే బాగుపడుతుందని షాపులో చెబుతారు, ఎనిమిది జీబీ ఉన్నవాళ్లు ముందు డిస్కే మార్చండి. పైగా 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, డేటా సెంటర్ల గిరాకీ వల్ల. పాత ధర గుర్తుపెట్టుకుని వెళ్తే గుండె ఆగుతుంది.

కానీ ఎంత పాతదో కూడా చూడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవాటికే అధికారికంగా వస్తుంది. మీది నాలుగో తరమో, ఆరో తరమో అయ్యి, దానిలోనే బ్యాంకు పనులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు చేస్తుంటే, బోర్డు పోయిన రోజున రిపేర్ మాట మర్చిపోండి. బ్యాంకు పనులు లేవు, పాటలు, టైపింగు అంతే అంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ లాంటిది వేయించుకుని ఎస్ఎస్‌డీతో హాయిగా నడుపుకోండి, తెలుగు టైపింగ్ కూడా దానిలో బాగానే వస్తుంది.

ఒక్క చిన్న మినహాయింపు. పిడుగులు పడ్డ రోజున ఇంటర్నెట్ కేబుల్ గుండా దెబ్బ తగిలి ల్యాన్ పోర్టు ఒక్కటే పోతుంది కొందరికి, మిగతాదంతా బానే ఉంటుంది. దానికి బోర్డు మార్చమంటే వినకండి, కొన్ని వందలకి వచ్చే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ చాలు.

కొత్తది కొని పాతది ఎక్స్‌చేంజ్‌కో, ఇంటి ముందుకొచ్చే పాత సామాన్ల బండికో ఇచ్చేటప్పుడు మాత్రం లోపలి డిస్కు తీసి దగ్గర పెట్టుకోండి. దాన్ని బట్టి వాడిచ్చే రేటు తగ్గేది వందో రెండొందలో, అంతే. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన, క్విక్ ఫార్మాట్ ఒకసారి కొట్టినంత మాత్రాన హార్డ్ డిస్కులో ఫైళ్లు పోవు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో కూడా వెనక్కి తీయొచ్చు. తీసిన డిస్కుకి ఒక యూఎస్‌బీ కేసు కొని తగిలిస్తే, అది బాగున్నంత కాలం పాత ఫోటోలకి బ్యాకప్‌గా పనికొస్తుంది.